కారు రంగు – మైనపు కవచము

మా చిన్నతనమున మా ఇంట ఒక పాత అంబాసిడరు కారు ఉండెడిది. మా నాన్నగారికి దానిపై ఎంత మమకారమనగా, తెల్లవారగానే, కాఫీ త్రాగుటకైనను ముందే, పొడిగుడ్డ చేతబట్టి దాని ఒళ్ళంతయు తుడిచెడివారు. ఒక్క ఉదయమైనను ఆ సేవ తప్పలేదు. ఐదారేండ్లు గడచునప్పటికి బానెట్టు మెరుపు పోయినది. అంచుల వెంబడి రంగు అరిగి అడుగుపూత బయటపడినది. "బెజవాడ ఎండరా! దేన్నీ బతకనివ్వదు" అనెడివారు నాన్నగారు. మేమును అట్లే నమ్మితిమి. ఎండ కొంత చేసిన మాట నిజమే. మిగిలినది ఆ పొడిగుడ్డ చేసినదని నాకు చాలకాలమునకు గాని తెలియలేదు.

కారుపై పడు దుమ్ములో సన్నని ఇసుక రేణువులుండును. పొడిగుడ్డతో రుద్దినచో ఆ గుడ్డ వడ్రంగివాని ఉప్పుకాగితముతో సమానము. ప్రతి ఉదయము కంటికి కనబడని గీతలు పడును. అవి వేలకు వేలు కూడినప్పుడు, ఎండలో సాలెగూడువలె మెరయుచు కనబడును. నేటి కార్లలో రంగుపూతపై వన్నెలేని పారదర్శకమైన పొర ఒకటి ఉండును. దాని మందము సాధారణముగా 40, 50 మైక్రానులు. మైక్రానన మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మన తలవెంట్రుక అంతకంటె లావు! ఎండకు, వానకు, దుమ్మునకు అడ్డుగా నిలిచినది ఆ పలుచని పొరయే. అది ఒకసారి అరిగినచో తిరిగి పెరుగదు.

కనుక దానిపై మరియొక పొరను మనము వేయవలెను. అదే మైనపు పూత. అది తాను అరిగి, తన క్రింది దానిని కాపాడును. ఈ పనికి పేరుపడినది కార్నాబా మైనము. బ్రెజిలు దేశపు ఈశాన్య భాగమున, మన తాటిచెట్టువలె విసనకఱ్ఱ ఆకులు గల ఒక చెట్టున్నది. అనావృష్టి ప్రాంతము గనుక, ఆకులోని తేమ ఆవిరికాకుండ ఆ చెట్టు తన ఆకులపై తానే మైనమును పూసికొనును. ఆకులు కోసి, ఎండబెట్టి, దులిపి, రాలిన పొడిని కరగించి మైనము తీయుదురు. తేనెమైనము 60 డిగ్రీలు దాటిన కొలదిలోనే కరగిపోవును. ఇది 80 డిగ్రీలు దాటిన గాని కరగదు. మన రోహిణికార్తె ఎండలకు ఇట్టిదే తగినది.

ఇక్కడ ఒక భేదము గుర్తుంచుకొనవలెను. పాలిష్ వేరు, వాక్స్ వేరు. పాలిష్‌లో సన్నని గరుకు పదార్థముండును; అది గీతలతోబాటు పైపొరను గూడ కొంచెము గీకివేయును. దానిని మాటిమాటికి వాడరాదు. వాక్స్ గీకునది కాదు, కప్పునది.

పూయు విధానము కష్టమైనది కాదు. కారును నీడలో నిలిపి, రేకు చల్లబడనీయవలెను. మొదట నీళ్ళు ధారగా పోసి దుమ్ము జారవిడువవలెను. పిమ్మట కారు షాంపూ కలిపిన నీటితో, మెత్తని గుడ్డతో, పైకప్పు మొదలు క్రిందికి కడుగవలెను. అంట్లు తోము సబ్బు వలదు. అది వెనుకటి మైనమును గూడ ఊడ్చివేయును. గుడ్డ జాడించుటకు వేరొక బకెట్టు ఉంచుకొనుట మంచిది. తడి పూర్తిగా ఒత్తి ఆరిన తరువాత, మైనమును కొంచెముగా తీసికొని, ఒక్కొక్క భాగమునకే పలుచగా పూయవలెను. మందముగా పూసినంత మాత్రమున రక్షణ పెరుగదు. తుడుచు శ్రమ మాత్రము పెరుగును. అది మసకబారి ఆరగానే శుభ్రమైన మైక్రోఫైబరు గుడ్డతో తుడిచివేయవలెను. గుడ్డ నేలపై పడినచో మరల వాడరాదు.

నీళ్ళు చల్లినప్పుడు ముత్యములవలె గుండ్రని బొట్లు కట్టి జారిపోయిన మైనము ఉన్నట్లు. పరచుకొని నిలిచిన అరిగినట్లు. మన ఎండలకు రెండు, మూడు నెలలకొకసారి పూయుట మేలు. స్కూటరు, మోటారుసైకిలు ట్యాంకులకును ఇదే పద్ధతి.

మైనము ఉన్నది గదా యని ఏమరుపాటు వలదు. పక్షి రెట్టలోని ఆమ్లము ఎండవేడిమికి రంగును తినివేయును. తడిగుడ్డను దానిపై కొంతసేపు ఉంచి, నానిన తరువాత మెల్లగా ఎత్తవలెను; గోకరాదు. బోరునీళ్ళతో కడిగి ఎండలో వదలినచో ఉప్పుమచ్చలు నిలుచును. విశాఖపట్టణము వంటి సముద్రతీరపు ఊళ్ళలో ఉప్పుగాలి గనుక మరింత తరచుగా కడుగుట అవసరము. రంగు లేచి రేకు కనబడుచోట మైనము తుప్పును ఆపలేదు. అక్కడ ముందుగా రంగు వేయింపవలెను. నేడు సిరామిక్ పూతలును వచ్చినవి. అవి మైనముకంటె ఎక్కువకాలము నిలుచును గాని, వానికిని పొడిగుడ్డ శత్రువే.

మా నాన్నగారు ఇప్పుడు ఎనుబది దాటినవారు. మొన్న వేసవిలో మా ఇంటికి వచ్చి, మరునాటి ఉదయమే పొడిగుడ్డతో నా కారు వద్ద నిలిచినారు. నేను పరుగున పోయి సంగతియంతయు చెప్పితిని. వారు చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "అయితే మన అంబాసిడరును పాడుచేసింది నేనేనన్నమాట" అన్నారు.

"ఎండ కూడా ఉంది కదండీ నాన్నగారూ" అంటిని.

వారు చిన్నగా నవ్వి, ఆ గుడ్డను నా చేతికిచ్చి, "ఆ మైనం డబ్బా ఇటు తీసుకురా" అన్నారు. ఆ పూట ముందు తలుపు రెండు గంటలు శ్రమించి వారే పూర్తిచేసినారు. సాయంకాలము చెంబుతో నీళ్ళు చల్లి, బొట్లు జారిపోవుట చూచిన గాని లోనికి రాలేదు.