మోకాలు వంకర సరిచేసే ఆపరేషను: ఎవరికి మేలు, ఎంతకాలం మేలు?
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మోకాళ్ళ నొప్పి గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘంవారు ఎముకల వైద్యులమైన మమ్మల్ని కోరారు. ఈమధ్య మసీదులో ప్రతి సఫ్ చివరా కుర్చీలు కనబడుతున్నాయి. సజ్దా చేసి లేవలేని తల్లులు ఇంట్లో మంచం అంచున కూర్చుని నమాజు చేసుకుంటున్నారు. ధర్మం ఆ వెసులుబాటు ఇచ్చింది, అందులో చిన్నతనం ఏమీ లేదు. కాని వైద్యానికి వేళ వుండగా ఊరకుండిపోవటమే మాకు బాధ కలిగించే విషయం.

కాలు తిన్నగా వున్నా సరే, నడిచేటప్పుడు బరువులో సగానికి పైగా మోకాలి లోపలి వైపే పడుతుంది. అక్కడి గుజ్జు అరిగితే కాలు వంగి దొడ్డికాలు అవుతుంది. వంగినకొద్దీ బరువు ఇంకా అటే పడుతుంది, ఇంకా అరుగుతుంది. తైలాలు, మాత్రలు నొప్పిని తగ్గిస్తాయే గాని ఆ వంకరను తీయలేవు.

వంకర తీసేందుకే ఈ ఆపరేషను. మోకాలి కింది పెద్ద ఎముకను కోసి, కోణం మార్చి, ప్లేటు, స్క్రూలతో బిగిస్తారు. బరువు అరగని బయటి వైపుకు మళ్ళుతుంది. ఇందులో కీలు మార్చరు, దేవుడిచ్చిన కీలే వుంటుంది. కనుక మోకాలు మునుపు ఎంత వంగేదో దాదాపు అంతే వంగుతుంది. కింద కూర్చునే అలవాటున్న మనకు ఇది చిన్న లాభం కాదు.

మరి ఫలితం ఎంతకాలం? అమెరికాలోని మేయో క్లినిక్‌లో డాక్టర్ కవెంట్రీ 1960లలోనే ఈ పద్ధతికి ప్రాచుర్యం తెచ్చారు. ఆయన బృందం 87 మోకాళ్ళను ఏళ్ళ తరబడి గమనించి 1993లో లెక్కలు ప్రకటించింది. అయిదేళ్ళకు నూటికి 87, పదేళ్ళకు 66 మోకాళ్ళలో ఫలితం నిలిచింది. అయితే బరువు వుండవలసినదానికంటె సుమారు మూడోవంతు, అంతకు మించి ఎక్కువై, కోణం కూడా చాలినంత మారనివారిలో అయిదేళ్ళకు 38, పదేళ్ళకు 19 మాత్రమే నిలిచాయి. ఆపరేషను ఒకటే, ఫలితాల్లో ఇంత తేడా! ప్లేట్లు, కొలతలు అప్పటికంటె ఇప్పుడు మెరుగుపడ్డాయి. కాని ఆ లెక్కలు చెప్పే పాఠం మారలేదు: మనిషిని చూసి ఎంచుకోవాలి, కోణం సరిగ్గా కొలవాలి.

సాధారణంగా అరవై ఏళ్ళ లోపువారికి, అరుగుదల ఒక వైపే వున్నవారికి, మోకాలు బాగా వంగుతున్నవారికి ఇది తగును. కీలంతా అరిగినవారికి, ఒళ్ళంతా కీళ్ళవాతం వున్నవారికి ఇది తగదు. వారికి కీలు మార్పిడి వంటి మార్గాలు వేరే వున్నాయి. నిలబెట్టి తుంటి నుంచి చీలమండ దాకా ఎక్స్‌రే తీయకుండా నిర్ణయం చేయకూడదు. ఆ ఎక్స్‌రే తీశారా అని మీరే అడగండి, మొహమాటపడవద్దు.

కష్టాలు కూడా చెప్పాలి. చీము పట్టవచ్చు, రక్తం గడ్డకట్టవచ్చు, ఎముక అతకటం ఆలస్యం కావచ్చు. బీడీ, సిగరెట్టు మానకపోతే అతుకు మరీ ఆలస్యమౌతుంది. షుగరు అదుపులో వుండాలి. కొన్ని వారాలు చంకకర్రలు తప్పవు. తొడ కండరాలకు వ్యాయామం మానరాదు. ఇంటివారి సాయం లేనిదే ఇది జరిగే పని కాదు.

ఇది అరుగుదలను మాన్పే మందు కాదు, కాలాన్ని సంపాదించి పెట్టే ఉపాయం. పదేళ్ళ తరువాత కీలు మార్చవలసి వచ్చినా, ఆ పదేళ్ళు సొంత కాళ్ళమీద నడిచినట్టే గదా! కాబట్టి ఇంట్లో ఎవరి కాలైనా వంగుతున్నట్టు కనబడితే, "వయసు నొప్పులే" అని తోసివేయకండి. బయటి వైపు గుజ్జు మిగిలి వుండగానే వైద్యునికి చూపించండి. అది కూడా అరిగాక వస్తే ఈ దారి మూసుకుపోతుంది.

అల్లాహ్ మనందరికీ ఆరోగ్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్. సెలవు.