చక్రాల మీద ఆడే పిల్లలకి బట్టలు, పాట: మా సంఘం అనుభవం



మాది విశాఖపట్నం. మా సంఘంలో పదిమందిమి ఉన్నాం. స్కేటింగ్ ఆడే పిల్లలకి పోటీ బట్టలు కుట్టి, వాళ్ల ఆటకి పాట సరిచేసి ఇచ్చే పని మూడేళ్లుగా చేస్తున్నాం. దాని గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. బాగా జరిగిందే చెప్పి కూర్చుంటే మీకు ఉపయోగం ఉండదు. నష్టపోయింది కూడా చెబుతాం.

ముందు ఈ ఆట ఏమిటో చెప్పాలి. మంచు మీద పాటకి తగ్గట్టు గిరగిరా తిరుగుతూ, గాల్లోకి ఎగురుతూ ఆడేదాన్ని ఫిగర్ స్కేటింగ్ అంటారు. టీవీలో చూసే ఉంటారు. మన దగ్గర మంచు లేదు కాబట్టి పిల్లలు చక్రాల బూట్లు వేసుకుని ఇలాంటి ఆటే ఆడతారు. దాన్ని ఆర్టిస్టిక్ స్కేటింగ్ అంటారు. హైదరాబాద్ అబ్బాయి అనూప్ కుమార్ యామ ఈ ఆటలో 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రెండు కాంస్య పతకాలు తెచ్చాడు. మా ఊళ్లో బీచ్ రోడ్డు పార్కులో స్కేటింగ్ రింకు ఉంది. పొద్దున్నా సాయంత్రం పిల్లలు అక్కడ నేర్చుకుంటారు.

మా సంఘంలో ఒక అక్క ఆ పార్కు బయట మురీ మిక్చర్ అమ్ముతుంది. పిల్లల్ని తీసుకొచ్చిన తల్లులు ఆమె బండి దగ్గరే నిలబడి మాట్లాడుకునేవారు. పోటీ డ్రెస్సు బయట ఊరి నుంచి తెప్పిస్తే చంకల్లో బిగుతు, నడుం దగ్గర వదులు, డబ్బులు చూస్తే బోలెడు అని. అక్క ఆ మాట మీటింగులో చెప్పింది. మాలో నలుగురం అప్పటికే జాకెట్లు, చీరలకి ఫాల్స్ కుడుతున్నాం. వీధికి ముగ్గురు కుట్టేవాళ్లు ఉన్నారు, గిరాకీ లేదు. ఇదైతే ఎవరూ కుట్టడం లేదు కదా అనుకున్నాం.

బ్యాంకు లింకేజి అప్పులో నలుగురం తలా 30,000 వేసి 1,20,000 పెట్టుబడి పెట్టాం. పాత ఓవర్‌లాక్ మిషన్ 14,000, జిగ్‌జాగ్ మిషన్ 18,000, బట్ట, నెట్, రాళ్లు, లేసులు 35,000, పాట సరిచేయడానికి పాత కంప్యూటర్ 16,000. మిగతా 37,000 చేతిలో ఉంచుకున్నాం. ఆ డబ్బే తర్వాత మమ్మల్ని కాపాడింది.

మొదట ఆరు డ్రెస్సులకి ఆర్డరు వచ్చింది. పోతే పోయిందని ఒక్కోటి 1,500కి ఒప్పుకున్నాం. సామానుకే 1,150 అయింది. ఆరింటికీ కలిపి 2,100 మిగిలాయని మురిసిపోయాం. మా ఆర్పీ కాగితం తీసి లెక్క కట్టింది. నలుగురు ఐదేసి రోజులు కూర్చున్నారు, అంటే ఇరవై రోజుల పని. రోజుకి మనిషికి 105 రూపాయలు. “మీ చేతులకి కూలి లేదేటమ్మా?” అని అడిగింది. మేం నోరెత్తలేదు.

దానికంటే పెద్ద దెబ్బ తర్వాత తగిలింది. పోటీ ఇంక రెండు రోజులుందనగా, ప్రాక్టీసులో మేం కుట్టిన ఒక డ్రెస్సు నుంచి రాళ్లు ఊడి కింద పడ్డాయి. వెనకాల వస్తున్న ఇంకో పాప చక్రం కింద రాయి పడి, పాప పడిపోయింది. మణికట్టు వాచింది. ఆ పాప పోటీకి వెళ్లలేకపోయింది.

ఆ రాత్రి మీటింగు పెట్టుకున్నాం. గమ్ము అమ్మినవాడిది తప్పు అని ఒకరు, కిస్తీ 4,000 ఎలా కడతామని ఒకరు. పెద్దక్క ఒక్క మాటంది. “గమ్ము ఎవరిదైనా అంటించింది మన చెయ్యే కదా.” ఆరుగురు తల్లులకీ 9,000 తిరిగి ఇచ్చేయాలని, పాప ఆస్పత్రి ఖర్చు 1,800 భరించాలని తీర్మానం రాసుకున్నాం. ఆరు డ్రెస్సులూ వెనక్కి తెచ్చి, రెండు రాత్రులు కూర్చుని రాళ్లన్నీ పీకేసి, కొన్ని మాత్రం దారంతో కుట్టి ఇచ్చాం. చేతిలో 26,200 మిగిలింది. మాలో ఒకామె ఇంక ఈ వ్యాపారం నావల్ల కాదని తప్పుకుంది. ఆమెని తప్పుపట్టం. ఆమెకీ ఇంట్లో పిల్లలున్నారు. పొదుపులో ఇప్పటికీ మాతోనే ఉంది, ఆమె వాటా నెలనెలా తీర్చేశాం.

అప్పటినుంచి మా పని మారింది. ముందు రింకు దగ్గరికెళ్లి వారం రోజులు ఆట చూశాం. కోచ్ గారిని అడిగాం. మంచు మీద పోటీల్లో డ్రెస్సు నుంచి ఏదైనా ఊడి కింద పడితే ఒక పాయింటు కోస్తారని ఆయన చెప్పారు. పాయింటు సంగతి తర్వాత, చిన్న రాయైనా పిల్లని పడేస్తుందని మేం కళ్లారా చూశాం.

ఇప్పుడు ఎలా కుడతామో చెబుతాం. బట్ట నాలుగు వైపులా సాగే లైక్రా తీసుకుంటాం. బాల్ పాయింట్ సూది వాడతాం, మామూలు సూదైతే బట్టకి చిల్లులు పడతాయి. తిన్నని కుట్టు వేస్తే పిల్ల కాలు చాపగానే దారం తెగిపోతుంది. అందుకే జిగ్‌జాగ్ లేదా ఓవర్‌లాక్ కుట్టే వేస్తాం. ఛాతీ, నడుం కొలతలు సరిపోవు. భుజం మీద నుంచి టేపు పెట్టి, కాళ్ల మధ్యగా తిప్పి, మళ్లీ అదే భుజానికి తెచ్చే కొలత ముఖ్యం. అది తగ్గితే పిల్ల వంగలేదు. మెడ, వీపు దగ్గర ఒంటి రంగు నెట్ వేస్తాం. వేలాడే దారాలు, పొడుగు రిబ్బన్లు పెట్టం, చక్రంలో చుట్టుకుంటాయి. రాళ్లు చిల్లులున్నవి కొని ఒక్కోదానికీ విడిగా ముడి వేస్తాం. అయ్యాక తెల్ల దుప్పటి పరిచి, డ్రెస్సుని గట్టిగా సాగదీసి దులుపుతాం. దుప్పటి మీద ఒక్క రాయి పడినా ఆ రోజు డ్రెస్సు ఇవ్వం. చివరికి పిల్ల బూట్లతో సహా వేసుకుని, చేతులెత్తి, కూర్చుని, కాలు వెనక్కి చాపి చూపించాలి. అప్పుడే బాకీ డబ్బు తీసుకుంటాం.

పాట పని మా సభ్యురాలి కూతురు చూస్తుంది. డిగ్రీ చదువుతోంది. పిల్ల వయసుని బట్టి, పోటీని బట్టి ఎన్ని నిమిషాలన్నది మారుతుంది. అది కోచ్ గారి దగ్గర రాయించుకుంటాం. ఎక్కడ పడితే అక్కడ కోస్తే పాట గుటుక్కుమని ఆగిపోతుంది. తాళం ముగిసిన చోట కోసి అతకాలి. ఎగిరే చోట పాట పైకి లేవాలి, తిరిగే చోట సాగాలి. పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఫోన్‌లో ఒకటి, రెండు కాపీలు ఇస్తాం. ఫైలు మీద పిల్ల పేరు, విభాగం రాస్తాం.

పాటకి హక్కుదారు ఉంటాడన్నది కూడా మర్చిపోకూడదు. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఒక అమెరికా జంట వాడిన పాటకి అనుమతి తీసుకోలేదని ఆ సంగీతం చేసినవాళ్లు కోర్టుకెళ్లారు. అందుకే అనుమతితో దొరికే సంగీతమే ముందు వెతుకుతాం. సినిమా పాటే కావాలంటే ఈ సంగతి తల్లిదండ్రులకి ముందే చెబుతాం.

ఇప్పుడు ఒక డ్రెస్సు లెక్క వినండి. బట్ట 700, నెట్, రాళ్లు 450, ఎలాస్టిక్, జిప్పు, దారం 150, మూడు రోజుల కూలి 1,500, కరెంటు, ఆటో, రిపేర్లు 100. మొత్తం 2,900. మేం తీసుకునేది 3,400. ఆ 500 వ్యాపారం ఖాతాలో వేస్తాం. పాటకి 400 తీసుకుంటాం, అందులో 300 అమ్మాయికి, 100 ఖాతాకి. పోయిన ఏడాది 41 డ్రెస్సులు, 27 పాటలు చేశాం. కూలి పోను ఖాతాలో 23,200 మిగిలింది. పెద్ద లాభం కాదు. పోటీల ముందు రెండు మూడు నెలలే గిరాకీ. మిగతా నెలల్లో స్కూలు యానివర్సరీలకి కోలాటం, ధింసా బట్టలు కుట్టి అద్దెకిస్తున్నాం. ఒక్క కిస్తీ కూడా తప్పలేదు.

దెబ్బ తగిలిన పాప వాళ్లమ్మ మళ్లీ మా దగ్గర కుట్టించుకోలేదు. కానీ ఆ ఆరుగురిలో నలుగురు తిరిగొచ్చారు, కొత్తవాళ్లని తెచ్చారు. తిరిగిచ్చిన 9,000 పోయిందని ఇప్పుడు అనుకోవడం లేదు.

అక్కలారా, మీరు ఏ పని మొదలుపెట్టినా రెండు సంగతులు తీర్మానం పుస్తకంలో ముందే రాసుకోండి. మన సరుకు వల్ల కొన్నవాళ్లకి ఏ హాని జరగొచ్చు అన్నది ఒకటి. మన చేతులకి కూలి ఎంత అన్నది రెండోది. ఈ కుట్టు నేర్చుకోవాలనుకునే సంఘం ఏదైనా ఉంటే ఇద్దరిని పంపండి. మా మిషన్ల దగ్గరే కూర్చోబెట్టి నేర్పిస్తాం, డబ్బులు అక్కర్లేదు. కొలతల టేపు మాత్రం తెచ్చుకోండి.