మూసిన దారి

వానకాలంలో రేడియో వార్తలు వినేవారికి ఒక వాక్యం కంఠస్థమై ఉంటుంది: వాగు పొంగి ఫలానా దారిలో రాకపోకలు నిలిచిపోయినవి. ఆ వాక్యాన్ని నేనూ ఎన్నోసార్లు చదివి, తరువాతి వార్తకు సాగిపోయాను. ఏ దారిన పోవలెనో మాత్రం చెప్పలేదు.

బుక్కపట్నం ప్రాంతం కరవుసీమ. చిత్రావతి ఏడాదిలో చాలాకాలం ఇసుకదిబ్బగానే ఉంటుంది. అందుచేతనే పలుచోట్ల ఏటికి అడ్డంగా వంతెన లేదు, నేలబారు కాజ్‌వే మాత్రమే. నది పుట్టుక కర్ణాటకలో, చిక్కబళ్లాపురం వైపు కొండలలో. అక్కడి వాన ఇక్కడికి వరదై వచ్చేసరికి ఇక్కడ ఎండ కాయవచ్చు. నిత్యమూ పొడి ఏటిని చూచిన కన్ను ప్రవాహాన్ని నమ్మదు.

2021 నవంబరు 19న చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి వద్ద చిత్రావతిలో కారు చిక్కుకున్నది. కాపాడబోయిన జేసీబీ సైతం నడుమనే నిలిచిపోయింది. చివరకు పదిమందిని వాయుసేన హెలికాప్టరు ఒడ్డు చేర్చవలసివచ్చింది.

అడుగు లోతు ప్రవాహం చిన్నకారును తేల్చివేయగలదు. రెండడుగులైతే పెద్దకార్లు కూడా నిలువవు. పైగా నీటి అడుగున రోడ్డు మిగిలి ఉన్నదో లేదో పైకి కనబడదు.

అయినా దిగేవారిని మూర్ఖులనడానికి నాకు నోరు రాదు. హిందూపురం మార్కెట్టుకు పట్టుగూళ్లు మోసుకుపోయే రైతుకు ఒకరోజు ఆలస్యమంటే గూడు తూకం తగ్గడమే, ఇంకా జాగైతే చిలుక గూడు తొలుచుకొని వస్తుంది. ఆయనకు కావలసినది హెచ్చరిక ఒక్కటే కాదు: కొత్తచెరువు మీదుగా పోవచ్చునా, ధర్మవరం చుట్టి రావలెనా, ఎన్ని కిలోమీటర్లు అదనం, బస్సు ఏ కూడలిలో మళ్లుతుంది? ఈ నాలుగు ముక్కలూ చదవడానికి అరనిమిషం చాలు.