నూనె మోసే బరువు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పే ఈ దినోత్సవానికి మూలమని మీకందరికీ తెలుసు. దాన్ని గురించి పెద్దలు మాట్లాడినారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం “నీకు తెలిసిన పని గురించి చెప్పు” అన్నారు. నాకు తెలిసింది వర్క్‌షాపు పని. ముప్పై ఏండ్లు జాకీలు, టిప్పర్లు, డోజర్లు విప్పి బిగించినవాణ్ణి. అందుకని హైడ్రాలిక్ యంత్రాల మూలసూత్రాలు నాలుగు మాటల్లో చెప్తాను.

మన కొండాపురానికి ఇది అక్కరలేని విషయం కాదు. గండికోట జలాశయంలో 26.85 టి.ఎం.సి.ల నీళ్ళు నిలపడానికి మన మండలంలో ఊళ్ళు ఎట్లా ఖాళీ అయినాయో చూసినాము. 2020లో తాళ్ళప్రొద్దుటూరు మునిగింది. ఆ రోజుల్లో జేసీబీ చప్పుడు వినపడని దినం లేదు. ఇప్పుడు మన పిల్లలు, మనవళ్ళే ట్రాక్టర్లు, టిప్పర్లు, జేసీబీలు నడుపుతున్నారు.

అసలు సూత్రం ఒక్కటే. 17వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు పాస్కల్ చెప్పినాడు. మూసిన పాత్రలోని ద్రవాన్ని ఒకచోట నొక్కితే, ఆ ఒత్తిడి తగ్గకుండా అన్నివైపులకూ సమానంగా పాకుతుంది. 1795లో ఇంగ్లండులో బ్రామా అనే ఆయన దీని ఆధారంగా ప్రెస్సు తయారుచేసి పేటెంటు పొందినాడు. పత్తిని బేళ్ళుగా నొక్కే హైడ్రాలిక్ ప్రెస్సులు ఆ సంతతివే.

లెక్క చూడండి. చిన్న పిస్టన్ వ్యాసం 2 సెంటీమీటర్లు, పెద్దదానిది 20 సెంటీమీటర్లు అనుకుందాం. వ్యాసం పదింతలైతే వైశాల్యం నూరింతలు అవుతుంది. చిన్నదాన్ని 10 కిలోల బలంతో నొక్కితే పెద్దది 1000 కిలోలు ఎత్తుతుంది. అయితే ఊరికే ఏదీ రాదు. పెద్దది 1 సెంటీమీటరు లేవాలంటే చిన్నది మొత్తం 100 సెంటీమీటర్లు కదలాలి. అందుకే లారీకింద జాకీ పెట్టి అన్నిసార్లు కొట్టాల్సి వస్తుంది. బలంలో వచ్చిన లాభాన్ని దూరంలో చెల్లించుకోవాలి.

జేసీబీలో ఆ కొట్టే పని ఇంజను తిప్పే పంపు చేస్తుంది. ట్యాంకులో ఆయిల్, దాన్ని తోసే పంపు, ఎటు పంపాలో చెప్పే వాల్వు, బరువునెత్తే సిలిండరు, మురికిని ఆపే ఫిల్టరు, ఇంతే సంసారం. ఒత్తిడి హద్దు మీరితే ఆయిల్‌ను తిరిగి ట్యాంకులోకి వదిలేది రిలీఫ్ వాల్వు. పంపు ఒత్తిడిని పుట్టిస్తుందని చాలామంది అనుకుంటారు. పంపు ఆయిల్‌ను ముందుకు తోస్తుంది, అంతే. ఎదురుగా బరువు అడ్డుపడితేనే ఒత్తిడి లేస్తుంది. మోటారుసైకిలు టైరులో గాలి చదరపు అంగుళానికి 30 పౌండ్లు, అంటే చదరపు సెంటీమీటరుకు 2 కిలోలు. జేసీబీ పైపుల్లో 200 కిలోలు దాటుతుంది.

ఈ రోజు నేను చెప్పదలచిన అసలు మాట ఇక్కడుంది. ఎత్తిన బరువును పట్టి ఉంచేది మూసి ఉన్న ఆయిల్ మాత్రమే. బయటికి దారి దొరికిన క్షణంలో దాని బలం పోతుంది.

నేను పనిలో కుదురుకుంటున్న రోజుల్లో ఒక వర్క్‌షాపులో టిప్పరు బాడీ లేపి పెట్టినాము. కింద గ్రీజు పెట్టాలి. ఊతకడ్డీ పక్కనే ఉంది. హెల్పరు “అన్నా, కడ్డీ పెడదామా?” అన్నాడు. “రెండు నిమిషాల పనికి కడ్డీ ఎందుకప్పా, ఆయిల్ పట్టుకొని ఉంది కదా” అన్నాను. పాత పైపు పగిలింది. బాడీ దిగిపోయింది. ప్రాణం దక్కింది గాని, కుడిచెయ్యి మోచేతి కింద పోయింది. అతడు ఇప్పటికీ పండక్కి ఇంటికొచ్చి పలకరిస్తాడు. ఒక్కనాడూ నన్ను తప్పు పట్టలేదు. నాకది ఇంకా బరువు.

అందుకని మీ ఇండ్లల్లో బండి నడిపే పిల్లలకు మూడు మాటలు చెప్పండి. ఒకటి, లేపిన ట్రాలీకింద, బకెట్టుకింద గట్టి ఊతం పెట్టకుండా దూరవద్దు. జాకీ ఎత్తడానికే గాని మోయడానికి కాదు. రెండు, పైపు విప్పేముందు బరువును నేలకు దించి, ఇంజను ఆపి, లివర్లు అటూ ఇటూ ఆడించి ఒత్తిడి వదలాలి. మూడు, లీకు ఎక్కడుందో చేత్తో తడమకూడదు, అట్టముక్క పెట్టి చూడాలి. సూదిబెజ్జమంత రంధ్రంలోంచి వచ్చే ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి ముల్లు గుచ్చుకున్నట్టే ఉంటుంది, నొప్పి కూడా వెంటనే తెలియకపోవచ్చు. లోపల కండ చెడిపోతుంది. పసుపు అద్ది ఊరుకోకుండా వెంటనే ఆపరేషను చేసే పెద్దాసుపత్రికి పోయి, ఆయిల్ దూరిందని డాక్టరుకు చెప్పాలి.

ఇవన్నీ పెద్ద చదువులేమీ కావు. “రెండు నిమిషాలే కదా” అనే మాట మీ ఇంట్లో వినపడితే, ఈ ముసలాయన చెప్పింది గుర్తుచేయండి.