న్యాయవాది వేంకటగిరి



వరాహగిరి వేంకటగిరి గారిని గూర్చి ప్రసంగింపుమని మీరు నన్ను ఆదేశించినపుడు, వారు అలంకరించిన పదవుల పట్టికను చదువుట నా పని కాదని నిశ్చయించుకొంటిని. మంత్రులుగను, గవర్నరులుగను ఉండిన వారు మన దేశమున పెక్కుమంది కలరు. న్యాయవాది యింట పుట్టి, తానును న్యాయవాదియై, న్యాయస్థానము నెడల గాఢమైన గౌరవము కలిగియుండియు, కూలివాని తిండికి సంబంధించిన తగవు మాత్రము న్యాయస్థానమున తేలవలసినది కాదని జీవితాంతము వాదించినవారు బహు అరుదు. నేటి నా ప్రసంగమునకు విషయము ఆ వాదమే.

గిరి గారు 1894 ఆగస్టు 10వ తేదీన బరంపురమున జన్మించిరి. ఆ యూరు నేడు ఒడిశాలోనిది కనుక మన పిల్లలు దానిని పరాయిచోటుగ భావింతురేమో. కాని 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు టెక్కలి, పలాస, మందస, సోంపేట ప్రాంతములన్నియు బరంపురముతోపాటు గంజాం జిల్లాలోనివే. జిల్లా న్యాయస్థానము కొలువుతీరిన పట్టణము బరంపురమే. కొబ్బరితోట గట్టుమీద మొదలైన తగవు పెద్ద దావాగ పరిణమించెనా, మన ఉద్దానపు సీమ రైతు చెంగున కాగితములు ముడివైచుకొని, రైలెక్కి, ఆ యూరి ప్లీడర్ల వాకిళ్లలో నిరీక్షింపవలసినదే. పిమ్మట మనము విశాఖపట్టణము జిల్లాలో చేరితిమి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళము ప్రత్యేకమైన జిల్లా అయినది. రాష్ట్రముల సరిహద్దు నడుమ వచ్చినంతమాత్రమున బరంపురపు తెలుగు న్యాయవాదుల చరిత్ర మనది కాకుండ పోదు.

తండ్రి జోగయ్య పంతులు గారు ఆ పట్టణమున పేరుమోసిన న్యాయవాది, కాంగ్రెసువాది, కేంద్ర శాసనసభయందు సభ్యులుగ నుండిరి. తల్లి సుభద్రమ్మ గారు శాసనోల్లంఘనోద్యమమున మద్యనిషేధము కొరకు ముందు నిలిచి అరెస్టయిరి. మధ్యతరగతి గృహిణులు వీథిలోనికి వచ్చుటయే వింతగ తోచు ఆ దినములలో, ప్లీడరుగారి భార్య పోలీసుల వెంట నడచిపోవుట యెంతటి సాహసమో మీరే ఊహింపుడు. వాదన తండ్రివలనను, తెగింపు తల్లివలనను కుమారునకు అబ్బినవని నా నమ్మిక.

1913లో గిరి గారు న్యాయశాస్త్రాధ్యయనమునకై డబ్లిన్ నగరమునకు వెడలిరి. ఆ సంవత్సరముననే ఆ నగరపు యజమానులు, సంఘములలో చేరిన కార్మికులకు పని నిరాకరించి, నెలల తరబడి తలుపులు మూసివైచిరి. జేమ్స్ లార్కిన్, జేమ్స్ కానలీ నాయకత్వమున సాగిన ఆ పోరాటమువలన వేలాది కుటుంబములు ఆకలిపాలైనవి. న్యాయము నేర్చుకొనవచ్చిన విద్యార్థికి పాఠ్యగ్రంథములకు వెలుపల లభించిన మొదటి పాఠమిది. 1916 ఈస్టరు తిరుగుబాటు నాటికి ఐరిష్ జాతీయవాదులతో వారికి స్నేహము కుదిరి యుండుటచే ప్రభుత్వము వారిని అనుమానించి, దేశము విడిచిపొమ్మని ఉత్తరువు చేసినది. బారిష్టరు పట్టముతో బరంపురము చేరి, ప్రాక్టీసు ఆరంభించిరి. సహాయనిరాకరణకు గాంధీగారి పిలుపు వినవచ్చిన తోడనే దానిని విడిచిపెట్టిరి.

విడిచిపెట్టిరని ఒక్క మాటలో చెప్పుచున్నాను గాని, తండ్రి పేరుప్రతిష్ఠలు సిద్ధముగ నున్న ఊరిలో, పెరుగుచున్న సంసారముతో, చేతికందిన వృత్తిని వదలుకొనుట ఎంత బరువైన నిర్ణయమో ఈ సభయందలి న్యాయవాదులకు నేను వివరింపనక్కరలేదు.

అటుపిమ్మట వారికి క్లయింటులుగ దొరికినవారు రైల్వే కూలీలు. మన పలాస మీదుగ సాగు రైలుమార్గము అప్పట్లో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీది. ఇంజనులో బొగ్గు వేయువాడు, పట్టాలు సవరించు గ్యాంగుమనిషి, పాయింట్లు మార్చువాడు, వీరెల్లరకును యజమాని ఆ కంపెనీయే. ఆ కార్మికుల సంఘమును నెలకొల్పినవారిలో గిరి గారు ముఖ్యులు. 1920ల దశాబ్దపు చివర, ఉద్యోగములనుండి తొలగింపబడినవారి పక్షమున, వారి నాయకత్వమున సాగిన సమ్మె హింసకు తావీయక జరిగి, కంపెనీని దిగివచ్చునట్లు చేసినది. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు అధ్యక్షులైరి; 1931లో లండనున జరిగిన రెండవ రౌండు టేబులు సమావేశమున కార్మికుల ప్రతినిధిగ కూర్చుండిరి. 1937లో బొబ్బిలి స్థానమున సాక్షాత్తు బొబ్బిలి రాజావారినే ఓడించి, రాజాజీ మంత్రివర్గమున కార్మిక, పరిశ్రమల శాఖలను చేపట్టిరి.

దేశమున కార్మిక వివాదములను గూర్చిన చర్చలలో ‘గిరి విధానము’ అని నేటికిని వ్యవహరింపబడు దాని సారమిది: యజమానియు కార్మికుడును ఎదురెదురుగ కూర్చుండి తామే మాటలాడుకొని ఒడంబడికకు రావలెను; ప్రభుత్వము ఆ వివాదమును బలవంతముగ ట్రిబ్యునలుకు పంపుట సంఘముల బలమునే హరించును. న్యాయవాదియైన వాడు న్యాయనిర్ణయమునే వలదనుట విచిత్రముగ తోచవచ్చును. నాకట్లు తోచదు. భూమి దావాలో ఓడినవాడు గెలిచినవాని ముఖము చూడకయే బ్రతుకవచ్చును. కర్మాగారమున ఓడినవాడును గెలిచినవాడును మరునాటి ఉదయము ఒకే యంత్రము వద్ద నిలువవలెను. కోర్టుల ఆలస్యమును, ఖర్చును, వాయిదాల బాధను ఇంటనే చూచుచు పెరిగినవారు గనుకనే గిరి గారు ఈ భేదమును గుర్తించిరి. జీడిపిక్కలు కొట్టి, పొట్టు ఒలిచి, రోజుకూలిమీద బ్రతుకు స్త్రీలు ఇందరున్న ఈ పలాసయందు ఆ వాదము పాతబడలేదని నేను గట్టిగ నమ్ముచున్నాను. ఇదే పలాసయందు 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ మహాసభ జరిగినది. మరికొలది దినములకే మందస జమీనున రైతులమీద తుపాకులు ప్రేలి, రైతుమహిళ గున్నమ్మ మొదలైనవారు నేలకొరగిరి. మాటలాడుకొను త్రోవ మూసుకొనిపోయిన చోట ఏమి జరుగునో ఈ గడ్డకు వేరొకరు నేర్పనక్కరలేదు.

1952లో గిరి గారు మన జిల్లాలోని పాతపట్నము నియోజకవర్గము నుండి లోక్‌సభకు ఎన్నికై, నెహ్రూ మంత్రివర్గమున కార్మికమంత్రులైరి. బ్యాంకు ఉద్యోగుల వేతనములపై ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వము తగ్గించి సవరించినపుడు, 1954లో ఆ పదవిని త్యజించిరి. నిర్బంధ న్యాయనిర్ణయమును జీవితమంతయు నిరసించినవారు, ఒకసారి నిర్ణయము వెలువడిన పిదప బలవంతుడు దానిని కత్తిరించుటను మాత్రము సహింపలేకపోయిరి. వారి జీవితమున నన్ను మిక్కిలి ఆకర్షించిన ఘట్టమిది.

1957లో, ఒక స్థానము గిరిజనులకు రిజర్వయిన పార్వతీపురము ద్విసభ్య నియోజకవర్గమున స్వల్పమైన తేడాతో ఓడిపోయిరి. ఎన్నికైన ఇరువురును గిరిజనులే. రిజర్వుకాని స్థానము గిరిజన అభ్యర్థికి చెందునా అను ప్రశ్నతో గిరి గారు సుప్రీంకోర్టు వరకు పోయిరి. 1959లో ఆ న్యాయస్థానము వారి వాదమును త్రోసిపుచ్చినది. వారిమీది గౌరవము ఇసుమంతయు తగ్గకుండగనే చెప్పుచున్నాను: ఆ తీర్పు న్యాయమైనది, మన మన్యపు ప్రజలకు మేలుచేసినది.

గృహస్థుగ వారి సంసారము విశాలమైనది. సరస్వతీబాయి గారికిని వారికిని పద్నాలుగురు సంతానము. క్విట్ ఇండియా కాలమున గిరి గారు ఏండ్లతరబడి వెల్లూరు, అమరావతి జైళ్లలో గడపిరి. అన్ని నోళ్లున్న ఆ యింటిని నెట్టుకొనివచ్చిన భారము ఆ తల్లిదే. తరువాత లక్నో, తిరువనంతపురము, బెంగుళూరు రాజభవనములనుండి రాష్ట్రపతి భవనము వరకు వారు వెళ్లిన ప్రతిచోటికిని ఆమె తోడుగ నడచినది. దేశభక్తుల చరిత్రలను వ్రాయువారు జైలులోని సంవత్సరములను లెక్కించెదరు. అవే సంవత్సరములలో ఇంట పొయ్యి ఎట్లు వెలిగినదో వ్రాయరు. ఇది మన వాఙ్మయమున పెద్ద లోటు.

1969 మే నెలలో జాకీర్ హుస్సేను గారు దివంగతులు కాగా, ఉపరాష్ట్రపతియైన గిరి గారు తాత్కాలిక రాష్ట్రపతియైరి. జూలై 19న 14 బ్యాంకులను జాతీయము చేయు ఆర్డినెన్సుపై సంతకము చేసి, మరునాడే రాజీనామా యిచ్చి, స్వతంత్ర అభ్యర్థిగ పోటీచేసి గెలిచిరి. ఆ ఎన్నిక చెల్లదని సుప్రీంకోర్టున పిటిషను దాఖలైనది. పదవియందున్న రాష్ట్రపతి న్యాయస్థానమునకు రానక్కరలేదు. వారి సాక్ష్యమును రాష్ట్రపతి భవనముననే నమోదు చేయుటకు వీలున్నది. గిరి గారు ఆ వెసులుబాటును కోరక, 1970లో స్వయముగ సుప్రీంకోర్టుకు వెడలి, సాక్షిగ ప్రమాణము చేసి, ప్రతిపక్షపు న్యాయవాదులు వేసిన ప్రశ్నలకు సమాధానములిచ్చిరి. పదవిలోనున్న రాష్ట్రపతి అట్లు సాక్ష్యమిచ్చుట అంతకుముందు ఎన్నడును లేదు. పిటిషను కొట్టివేయబడెను. 1974లో పదవీకాలము ముగియగా వారు మద్రాసు చేరిరి. మరుసటి సంవత్సరము భారతరత్న లభించినది. 1980 జూన్ 24న ఆ నగరముననే పరమపదించిరి.