పొరుగువారి తగవు, ఫ్రెంచివారి ఫిరంగి

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



బొబ్బిలి కథ వినని తెలుగువాడుండడు. కోతలు ముగిసి ధాన్యము గాదెలకెక్కిన పిదప ఊరిలోనికి బుఱ్ఱకథ వచ్చినచో, తాండ్ర పాపరాయడు శత్రువు గుడారములో దూరు ఘట్టము వచ్చువఱకు పిల్లలుగూడ నిద్ర మాని కూర్చుండెడివారు. ఆ కథలోని బూసీ దొర ఫ్రెంచివాడని అందఱు నెఱుగుదురు. ఆ బూసీ కొలిచిన రాజవంశపు సేనలే, సముద్రముల కావల అమెరికా ఖండమున, ఇరొక్వాయి అను జాతితో ఇంచుమించు నూఱేండ్లు పోరినవని మాత్రము ఎఱిగినవారు తక్కువ. కొలంబసు దారితప్పి చేరి, చేరినది మన దేశమే యనుకొని, అచటివారికిని ఇండియనులని పేరు పెట్టెను. పేరు కలిసినది పొరపాటున. కథలు కలిసినది మాత్రము పొరపాటున గాదు.

ముందు మన యింటి సంగతి. నెల్లూరు తీరమునకు పరదేశీయులు కొత్త గాదు. చెన్నపట్నపు కోటకు పునాది పడకమునుపే, 1626 ప్రాంతమున, ఇంగ్లీషువారు దుగరాజపట్నమున కోఠీ కట్టిరి. వారికి తోడ్పడిన ఆఱుముగ మొదలియారు పేరనే ఆ చోటికి ఆర్మగాను అను పేరు వచ్చినదందురు. అప్పటికి వారు గుడ్డలు కొని ఓడ కెక్కించుకొను వర్తకులు మాత్రమే. నూట ముప్పది యేండ్లు గడచునప్పటికి అదే కంపెనీవారు పెన్న యొడ్డున నెల్లూరు కోటకు ఫిరంగులు గురిపెట్టిరి.

ఎందుల కనగా, నెల్లూరు సీమ అప్పుడు ఆర్కాటు నవాబు మహమ్మదాలీ సోదరుడైన నజీబుల్లాఖాను చేతిలో నుండెను. నజీబుల్లా నవాబునకు కట్టవలసిన పైకము కట్టడు. నవాబు ఇంగ్లీషువారికి బాకీ. అప్పుపడినవాడు అప్పిచ్చినవానిని వెంటబెట్టుకొని తోడబుట్టినవానిమీదికి వచ్చెను! 1757 మే నెలలో కర్నలు ఫోర్డు అను నాతడు కోటను ముట్టడించెను. మట్టిగోడకు గండి పడినది గాని లోపలివారు చొరనీయలేదు. ఇంతలో ఫ్రెంచివారు తిరుచిరాపల్లిమీదికి నడచుచున్నారను వార్త రాగా చెన్నపట్నమువారు ఫోర్డును వెనుకకు పిలిపించిరి. ఈ ఫోర్డు పేరు జ్ఞాపకముంచుకొనవలెను. నజీబుల్లా ఫ్రెంచివారి పక్షము చేరెను.

దానికి నాలుగు నెలల ముందే, అదే 1757 జనవరి 24వ తేదీన, ఉత్తరమున బొబ్బిలి కోట బూడిదయైనది. అందలి మూలకారణము పాటలలో అంతగా వినబడదు. నిజాము సలాబతుజంగు 1753లో ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికిచ్చెను. ఆ యాదాయముతో బూసీ తన సైన్యమునకు జీతములు చెల్లించుకొనవలెను. శిస్తు వసూలునకు విజయనగర ప్రభువు విజయరామరాజు అతనికి కుడిభుజము. ఆ విజయరామరాజునకును, బొబ్బిలి రంగారావునకును చిరకాల వైరము. వంశగౌరవముల పోటీ యొకటి. రెండవది, బొబ్బిలివారు తన సీమలోని యేళ్ల నీరు మళ్లించుకొనిపోవుచున్నారను విజయరామరాజు ఫిర్యాదు. ఈ సంగతి వ్రాసినవాడు ఆ కాలపు ఇంగ్లీషు చరిత్రకారుడు ఆర్మ్. నీటితగవు! మన కాలువగట్లమీద ఏటేటా పుట్టి, పదిమంది పెద్దలు కూర్చున్నచో ఒక పూటలో తీఱునట్టి తగవు.

దానిని తీర్చుటకు విజయరామరాజు తెలిపిన యుపాయమేమనగా, రంగారావునకు దూరముగా నింకొకచోట అంతే విలువగలవియో, అంతకు మించినవియో భూములిచ్చి బొబ్బిలి వదలించుట. లెక్కల పుస్తకములో ఇందు దోషమేమియు లేదు. ఇన్ని కుంచములు పోయినవి, అన్ని కుంచములు వచ్చినవి. కాని తాతలు దున్నిన చేనికి మాఱుచేను ఏ అడంగలునందును దొరకదు. రంగారావు దానిని అవమానముగా నెంచెను. అంతలో అడవిదారిని పోవుచున్న బూసీ సిపాయీలు కొందఱు హతులైరి. అది బొబ్బిలివారి పనియేయని విజయరామరాజు చెప్పెను, బూసీ నమ్మెను.

తెల్లవాఱుజామున మొదలైన ఫిరంగులు మధ్యాహ్నము వఱకును మ్రోగినవి. ఇక కోట నిలువదని తెలిసిన పిమ్మట లోపలివారు తమ స్త్రీలను, బిడ్డలను తామే చంపుకొని, కత్తులు దూసి మీదబడి మరణించిరి. అంతయు ముగిసిన పిదప ఒక వృద్ధుడు చిన్నపిల్లవానిని చేయిపట్టుకొని వచ్చి, ఫ్రెంచి సేనాని లా యెదుట నిలిచి, ఇతడు రంగారావు కుమారుడు, తండ్రి యిష్టమునకు విరుద్ధముగా కాపాడితినని చెప్పెనట. కోట స్థితి వినిన బూసీ దానిలోనికి పోక గుడారములోనే యుండెనందురు. మూడు రాత్రులకు విజయరామరాజు గుడారములో పొడువబడెను. ముప్పదిరెండు గాయములని ఆర్మ్ లెక్కవ్రాసినాడు. నీటి తగవునకు వాది లేడు, ప్రతివాది లేడు. మూడవవాడు మిగిలెను.

ఇప్పుడు ఓడ యెక్కి ఆవలి తీరమునకు పోవుదము.

అమెరికాలో ఒంటారియో అను మహాసరస్సునకు దక్షిణమున మోహాకులు, ఒనైడాలు, ఒనొండాగాలు, కయూగాలు, సెనెకాలు అను అయిదు జాతులవారు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించుకొనుచు జీవించుచుండిరి. ఫ్రెంచివారు వారికి ఇరొక్వాయిలని పేరు పెట్టిరి. వారు తమ్ము తాము పిలుచుకొను పేరునకు ‘పొడుగింటివారు’ అని యర్థము. ఒకే పొడవైన యింటి కప్పుక్రింద అనేక కుటుంబములు వరుసగా పొయ్యిలు పెట్టుకొని కాపురముండుట వారి యాచారము. అయిదు జాతులును అట్టి యొక యింటి వారేయని వారి భావన. పూర్వము వీరును ఒకరినొకరు చంపుకొనినవారే. పిదప ఒక మహాపురుషుని ఉపదేశమున కత్తులు పాతిపెట్టి, ఏబదిమంది పెద్దలతో ఒక సభ యేర్పఱచుకొనిరి. నడుమ జాతియైన ఒనొండాగాలో ఆ సభకు అగ్ని వెలుగుచుండును. పెద్దను ఎన్నుటకును, చెడినచో తొలగించుటకును అధికారము ఆ కులపు తల్లులది! సభలో ఇచ్చిన మాటకు గుర్తుగా శంఖపు పూసలు గుచ్చిన పట్టెలను అందజేయుదురు. మనకు తాటాకు కవిలె యెట్టిదో వారికి ఆ పూసలపట్టె యట్టిది.

వారితో ఫ్రెంచివారికి వైరమెట్లు పుట్టినది? అక్కడను పొరుగువారి తగవులోనుండియే. ఇరొక్వాయిలకును ఉత్తరపు వారైన హ్యూరనులకును, ఆల్గాంక్వినులకును పాతపగ. బీవరు అను జంతువు చర్మములకై ఫ్రెంచివారు ఆ యుత్తరపు వారితో బేరము సాగించుచుండిరి. బేరము నిలువవలెనన్నచో స్నేహితుల యుద్ధములో చేయి కలుపవలెను. 1609 జూలై 30వ తేదీన శాంప్లేను అనునాతడు ఒక సరస్సు గట్టున తుపాకి పేల్చి మోహాకు నాయకులను కూల్చెను. తుపాకి యెట్టిదో వా రంతకు ముందెఱుగరు. ఒక్క గుండుదెబ్బ, దానికి బదులు తొంబది రెండేండ్లు జరిగినది.

ఇరొక్వాయిలు సాధువులని చెప్పుటకు వీలులేదు. వారు డచ్చివారియొద్ద తుపాకులు కొని 1649లో హ్యూరనుల దేశమును పాడుచేసిరి. ఫ్రెంచి పల్లెలను తగులబెట్టిరి. ఫ్రెంచివారు 1666లో మోహాకుల పంటలను, 1687లో సెనెకాల పంటలను కాల్చిరి. ఆ 1687లోనే అంతకంటె నీచమైన పని యొకటి జరిగినది. గవర్నరు దెనోంవీలు, సామముగా పిలిపించిన ఇరొక్వాయిలను పట్టి బంధించి, ఫ్రాన్సురాజు ఓడలలో తెడ్లు వేయు బానిసలుగా పంపెను. లాక్షాగృహము కట్టినవాడును ఆతిథ్యము పేరనే కదా పిలిచినది! 1689 ఆగస్టులో ఇరొక్వాయిలు మాంట్రియలు చెంతనున్న లాషీను గ్రామముపై బడి పగ తీర్చుకొనిరి. తెడ్లు వేయ బోయినవారిలో పదుముగ్గురే ప్రాణములతో తిరిగి స్వదేశము చేరిరి.

తుదకు రెండు పక్షములును అలసినవి. 1701 వేసవిలో మాంట్రియలునందు మహాసభ జరిగెను. ఇంచుమించు నలువది జాతులనుండి పదుమూడు వందలమంది వచ్చిరి. హ్యూరనుల నాయకుడు కొండియారొంకు (పేరు వినిన మనవాడే యనిపించును) జ్వరముతో కాగిపోవుచు, నిలువలేక ఆసనముపై కూర్చుండియే, పాతపగలు మఱువుడని చాలసేపు ప్రసంగించి, ఆ రాత్రియే మరణించెను. అతడు జీవితమంతయు ఇరొక్వాయిలకు శత్రువు. ఇరొక్వాయిలే అతని శవమునొద్దకు వచ్చి కన్నీరు తుడుచు మర్యాదలు నెఱపిరి. ఆగస్టు 4న సంధి కుదిరెను. కొంగ, తాబేలు, ఎలుగుబంటి మొదలగు కులచిహ్నములే నాయకుల చేవ్రాళ్లు. ఫ్రెంచివారును ఇంగ్లీషువారును పోరునపుడు ఎటును చేరకుండుటకు ఇరొక్వాయిలు మాట యిచ్చిరి. ఆ మీద అర్ధశతాబ్దము ఇరుపక్షములును కానుకలతో వారి గడప త్రొక్కుచుండెను.

బొబ్బిలి ఒక్క పూటలో ముగిసినది. ఇరొక్వాయిలను మూడు తరములు గడచినను లొంగదీయలేకపోయిరి. శౌర్యములో బొబ్బిలివారు తీసిపోరు. అడవులు, మంచు వారికి తోడ్పడినమాట నిజమే. అయినను ఒక్కటి గమనింపవలెను: మోహాకులను కొట్టుటకు సెనెకాలు ఫ్రెంచివారికి దారి చూపలేదు. మన భారతమున ఘోషయాత్ర కథలో ధర్మరాజు తమ్ములకు చెప్పిన నీతి యిదియే. తమలో తాము పోరునపుడు వారు నూఱుగురు, వీరు అయిదుగురు. పరులు పైబడినపుడు నూట అయిదుగురు. దానిని తెనిగించిన ఎఱ్ఱన మన సీమవాడే. ఆచరించినవారు మాత్రము ఒంటారియో గట్టున నుండిరి.

పరుల సాయము కోరుటయే తప్పందుమా? దాయాదులు రాజ్యమపహరింపగా మన మనుమసిద్ధి పక్షమున తిక్కన సోమయాజి ఓరుగల్లు పోయి గణపతిదేవుని సాయమర్థించెనని చెప్పుదురు. కాకతీయ సేన వచ్చి మనుమసిద్ధిని మరల గద్దెనెక్కించినది. అతడు సామంతుడైనమాట నిజమే. అయినను నెల్లూరు నెల్లూరుగనే యుండెను. వచ్చినవాడు ఎట్టివాడో తూచి పిలిచిన మంత్రి తిక్కన. అట్టి మంత్రి బొబ్బిలి నాటికి ఎవరియొద్దను లేడు.

1756లో ఫ్రెంచివారికిని ఇంగ్లీషువారికిని మొదలైన సప్తవర్ష సంగ్రామము ఈ రెండు కథలను ఒకే త్రాటికి గట్టినది. బూసీ వలన పొరుగును రూపుమాపుకొనిన విజయనగరమున ఆనందగజపతి గద్దె యెక్కెను. రెండేండ్లు నిండకమునుపే అతడు ఫ్రెంచివారిని వెడలగొట్టుడని ఇంగ్లీషువారిని పిలిచెను. వచ్చినవాడెవడు? నెల్లూరు కోటగోడ దాటలేని ఆ ఫోర్డే! 1758 డిసెంబరులో చందుర్తివద్ద ఫ్రెంచివారిని ఓడించెను. 1759 ఏప్రిలులో మచిలీపట్నపు కోట పట్టెను. దానికి ముందు ఫిబ్రవరిలో చెన్నపట్నము ముట్టడి విఫలమై ఫ్రెంచివారు మరలిపోయిరి. ఆ వార్త వినిన నజీబుల్లా నెల్లూరిలో తన్ను నమ్మి కొలువున్న ఫ్రెంచివారిని ఒక్కనిని తప్ప అందఱను చంపించి, ఇంగ్లీషువారికి సలాము పంపెను. మన యూరికి కీర్తి తెచ్చు సంగతి గాదు. జరిగినది జరిగినట్లు చెప్పుకొనవలెను.

ఆ 1759 జూలైలోనే అక్కడ నయాగరా కోట ఇంగ్లీషువారి వశమైనది. ఈసారి ఇరొక్వాయిలు వందలకొలది ఇంగ్లీషువారి పక్షమున నడచిరి. 1763లో పారిసు సంధితో కెనడా ఫ్రెంచివారి చేజాఱెను. ఇక్కడ వారికి పుదుచ్చేరి, యానాం వంటి కొన్ని కోఠీలే మిగిలెను. అంగడిలో కొనువారిద్దఱున్నప్పుడే సరకునకు ధర. రెండవ బేరగాడు పోయిన పిదప ఇరొక్వాయిల గడపకు కానుకలు తగ్గినవి. అమెరికావారు ఇంగ్లండుపై తిరుగబడినపుడు ఎటు చేరవలెనో వారి సభలో ఏకాభిప్రాయము కుదురలేదు. అప్పటికి టస్కరోరాలు చేరి ఆఱు జాతులైరి. నాలుగు జాతులలో అధికులు ఇంగ్లీషువారివైపును, ఒనైడాలు, టస్కరోరాలు అమెరికావారివైపును పోయిరి. 1777లో ఒనొండాగా సభాగ్నిని ఆర్పిరి. రెండేండ్లకు వాషింగ్టను పంపిన సేన వారి గ్రామములను, చేలను, పండ్లచెట్లను గూడ తగులబెట్టినది. ఫ్రెంచివారు మూడు తరములలో చేయలేని పని ఒక్క వేసవిలో జరిగినది.

విజయనగరమువారికిని రెండవ బేరగాడు లేకపోయెను. కంపెనీ పేష్కషు పెంచినది, బాకీ పడినది, బాకీపేర జమీ జప్తు చేసినది. 1794 జూలై 10న పద్మనాభమువద్ద, కంపెనీ సేన యెదుట చిన్న విజయరామరాజు నేలకొఱిగెను. అతడు ఆనందగజపతికి దత్తపుత్రుడు.

అదే 1794 నవంబరు 11న కానన్‌డైగ్వా అను చోట ఆఱు జాతులవారితో అమెరికా ప్రభుత్వము ఒడంబడిక చేసుకొనెను. పోయిన భూమి పోగా మిగిలినది వారిదేయనియు, ఏటేటా వస్తువులిత్తుమనియు అందు వ్రాసిరి. ఆ ప్రకారము నేటికిని ఏడాదికొకమాఱు గుడ్డ తానులు వారికి చేరుచున్నవి. ఒనొండాగాలో సభ మరల కూడుచున్నది. ఇక్కడ నెల్లూరు సీమ 1801లో నవాబు చేతినుండి కంపెనీ చేతికి వచ్చెను. ఆ మఱుసటి యేడు వచ్చిన శాశ్వత పైసలా ప్రకారము బొబ్బిలివారును, విజయనగరమువారును విశాఖపట్నపు కలెక్టరు కచేరీలో, ఒకే ఖజానాకు, కిస్తుల వారీగా పేష్కషు చెల్లించుచు వచ్చిరి.