పునాది క్రింది నేల



గేట్ బజారులో ఇల్లు కట్టేవారు ఇటుకను తట్టి చూస్తారు, సిమెంటు బస్తాపై తేదీ చూస్తారు. పునాది క్రింది మట్టిని పరీక్షించేవారు అరుదు. కాని బరువంతా మోసేది ఆ మట్టియే.

మట్టిలో రేణువులు, వాటి నడుమ నీరు, గాలి ఉంటాయి. మొత్తం ఒత్తిడినుండి నీటి ఒత్తిడిని తీసివేయగా మిగిలినదే మట్టికి బలమిచ్చే ఒత్తిడి. ఈ సూత్రాన్ని స్థిరపరచినవారు కార్ల్ టెర్జాగీ. 1925లో వెలువడిన ఆయన గ్రంథంతో మృత్తికా యాంత్రికశాస్త్రం రూపుదాల్చింది.

బరువు పడినపుడు ఇసుకలోని నీరు త్వరగా వెడలిపోతుంది. బంకమట్టిలో అందుకు ఏండ్లు పట్టవచ్చును. అందువల్ల బంకనేలపై కట్టడం మెల్లగా క్రుంగుతుంది. ఒకవైపు అధికంగా క్రుంగితే గోడ బీటలువారుతుంది.

1847లో ధవళేశ్వరం ఆనకట్టను ఆరంభించి 1852లో ముగించిన కాటన్ దొరకు ఈ గ్రంథం లేదు. ఇసుకలో పునాది నిలిపే విద్యను ఆయన కావేరిపై పూర్వులు కట్టిన కల్లణై నుండి నేర్చుకొన్నారు.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం వద్ద తీరం దాటింది. అట్టి తుపానులు మనకు క్రొత్త కావు. ఎగిరిన కప్పును మరల వేయవచ్చు. నానిన నేలలో క్రుంగిన పునాదిని ఎత్తుట దుస్సాధ్యం. కనుక త్రవ్వేనాడే మట్టిని పరీక్షింపజేయండి. ఇల్లు లేచిన పిమ్మట అది బీటలతోనే బదులిస్తుంది.